ఎలుకకు ముందే ఇచ్చిన మందు

మొక్కల్లోని యాంటీఆక్సిడెంట్లు, అంటే కణాల్లో ఆక్సీకరణ హానిని అడ్డుకునే పదార్థాలు, సీసం, కాడ్మియం లాంటి భార లోహాల విషం నుంచి కాపాడతాయన్న మాట ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. పసుపులోని కుర్కుమిన్, వెల్లుల్లిలోని గంధక పదార్థాలు, తేయాకులోని కాటెకిన్లు, ఉల్లిలోని క్వెర్సెటిన్... జాబితా పెద్దదే. దాని వెనుక పరిశోధన పత్రాలూ తక్కువేం లేవు. కొన్నేళ్లుగా వాటిని వదలకుండా చదువుతున్నాను. అవన్నీ బూటకమని అనను, అనలేను కూడా. వాటిలో అసలైన రసాయన శాస్త్రం ఉంది, ఓపికగా చేసిన పని ఉంది. నా అభ్యంతరం ఆ తరువాత జరిగేదాని మీద. ప్రయోగశాలలో ఎలుకల కాలేయంలో కనిపించిన ఒక మార్పు చేతులు మారుతూ వచ్చి, చివరికి సీసం పొడిలో పని చేసే మనిషికి "రోజూ రెండు గుళికలు వేసుకో, ఏమీ కాదు" అన్న సలహాగా మారుతోంది. ఆ సలహా తప్పు. లోహం వచ్చే దారి మూయకుండా గుళికను రక్షణ అనడం, విషానికి గురైనవాడి నెత్తినే బాధ్యత కూడా పెట్టడం అవుతుంది.

ఇంత పట్టుగా రాయడానికి కారణం నాకు తెలిసిన ఒకాయన. పాత బ్యాటరీలు విప్పి పలకలు వేరుచేసే చోట పని చేస్తారు. చొక్కా మోచేతుల దగ్గర ఎప్పుడూ బూడిద రంగు పొడి అంటుకుని ఉంటుంది. మధ్యాహ్నం అక్కడే, ఆ బల్లల పక్కనే భోజనం. సాయంత్రం అదే చొక్కాతో ఇల్లు చేరుకుంటారు, వాకిట్లోనే చిన్న కూతురు వచ్చి చుట్టుకుంటుంది. కడుపునొప్పి, చిరాకు, నిద్ర పట్టకపోవడం మొదలయ్యాక ఆయన నన్ను అడిగింది ఒక్కటే: ఏ యాంటీఆక్సిడెంట్ మంచిది? రక్తంలో సీసం ఎంత ఉందో పరీక్ష చేయించారా అంటే, అలాంటి పరీక్ష ఒకటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. గుళికల గురించి మాత్రం ముగ్గురు నలుగురు చెప్పారట.

లోహం ఒంట్లో ఏం చేస్తుందో దగ్గరగా చూస్తే ఈ గుళికల మాటలో నిజం ఎంతవరకో తెలుస్తుంది. సీసాన్నే తీసుకుందాం. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ తయారీలో రెండో మెట్టు మీద ఒక ఎంజైము ఉంటుంది. డెల్టా అమైనోలెవులినిక్ ఆమ్లం అనే చిన్న అణువులను రెండేసి చొప్పున జతచేయడం దాని పని. ఆ పని చేయడానికి దానికి జింకు కావాలి. జింకును పట్టి ఉంచేవి గంధకం ఉన్న సిస్టీన్ గుంపులు. సీసానికి గంధకమంటే విపరీతమైన ఆకర్షణ. అది వచ్చి జింకును తోసేసి ఆ చోట కూర్చుంటుంది, ఎంజైము ఆగిపోతుంది. జతపడవలసిన అణువులు జతపడకుండా పేరుకుపోతాయి. పేరుకుపోయినవి ఊరికే ఉండవు, ఆక్సిజన్‌తో చర్య జరిపి, ఫ్రీ రాడికల్స్ అనే, కణాన్ని దెబ్బతీసే చురుకైన అణువులను పుట్టిస్తాయి. హీమ్ తయారీ చివరి మెట్టులో ఇనుమును చేర్చే ఎంజైమునూ సీసం దెబ్బతీస్తుంది. ఇనుము వెళ్లవలసిన చోటికి జింకు వెళుతుంది. సీసం దగ్గర పనిచేసేవారి రక్తంలో జింకు చేరిన ఆ రూపం, జింక్ ప్రోటోపోర్ఫిరిన్, పెరగడానికి కారణం ఇదే.

ఇక గ్లుటాథయాన్. గ్లుటామిక్ ఆమ్లం, సిస్టీన్, గ్లైసిన్ అనే మూడు అమైనో ఆమ్లాల కూర్పు ఇది. కణం తన లోపలి ఆక్సీకరణను అదుపు చేసుకునేది ప్రధానంగా దీనితోనే. ఇందులోనూ గంధకం ఉంది కనుక పాదరసం, కాడ్మియం, ఆర్సెనిక్, సీసం నాలుగూ దీన్ని పట్టుకుంటాయి, నిల్వ తరిగిపోతుంది. ఇనుము, రాగి లాంటి లోహాలు ఎలక్ట్రాన్లను ఇచ్చిపుచ్చుకుంటూ నేరుగా రాడికల్స్‌ను పుట్టించగలవు. సీసం, కాడ్మియం ఆ పని చేయవు. రక్షణ నిల్వలను ఖాళీ చేయడం, ఉండవలసిన చోటు నుంచి ఇతర లోహాలను కదిలించడం వాటి పద్ధతి. ఫలితం మాత్రం ఒకటే, ఆక్సీకరణ ఒత్తిడి, అంటే రాడికల్స్ కణం రక్షణను మించిపోవడం. యాంటీఆక్సిడెంట్లు సాయపడవచ్చన్న ఆలోచన పుట్టింది ఇక్కడే. ఇంతవరకు తర్కంలో లోపం లేదు.

కానీ లోహం చేసే హాని ఇదొక్కటే కాదు. సీసం కాల్షియం వేషం వేసుకుని తిరుగుతుంది. నరాల కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకోవడానికి కాల్షియం మీద ఆధారపడతాయి. ఎదుగుతున్న మెదడులో ఆ సంకేతాల మధ్య సీసం దూరితే, ఏ తీగ ఎక్కడ కలవాలన్నదే తారుమారవుతుంది. ఇది ఆక్సీకరణ కాదు, కుర్కుమిన్‌కు ఇక్కడ పని లేదు. ఎముకల్లోనూ కాల్షియం చోటే సీసానిది. పెద్దవారి ఒంట్లో ఉన్న సీసంలో తొంభై శాతానికి పైగా ఎముకల్లోనే దాగి ఉంటుంది. రక్తంలోని సీసం సగానికి తగ్గడానికి నెల చాలు, ఎముకలోని సీసానికి దశాబ్దాలు పడుతుంది. గర్భం దాల్చినప్పుడు ఎముక కరిగి కాల్షియం విడుదలైతే సీసమూ దానితోపాటు బయటికి వచ్చి బిడ్డకు చేరుతుంది. కాడ్మియం మూత్రపిండాల్లో పది నుంచి ముప్ఫై ఏళ్లు తిష్ఠ వేస్తుంది. ఆర్సెనిక్ అయితే కణం శక్తిని తయారుచేసుకునే ఎంజైములనే బిగించేస్తుంది. ఇన్ని దారుల్లో ఒక దారికి అడ్డుపడగల పదార్థాన్ని పట్టుకుని విషానికి విరుగుడు అనడం ఎలా?

మొక్కల సంగతి మరీ ఆసక్తికరం. కదలలేని జీవి కదా, నేలలో ఏ లోహం ఉంటే దాన్ని భరించవలసిందే. మొక్క తనను తాను ఎలా కాపాడుకుంటుందో 1985లో బాగా తెలిసింది. గ్లుటాథయాన్‌నే ముడిసరుకుగా తీసుకుని, సిస్టీన్లు వరుసగా ఉన్న పొడవైన గొలుసులను అల్లుతుంది. వాటిని ఫైటోకీలాటిన్లు అంటారు. లోహం కణంలోకి వచ్చీ రాగానే ఆ అల్లిక ఎంజైము మేలుకుంటుంది. గొలుసులు లోహాన్ని చుట్టేస్తాయి, ఆ మూటను కణంలోని రసకోశంలో పెట్టి మూసేస్తారు అన్నట్టుగా పని జరిగిపోతుంది. మొక్క క్షేమం. అయితే లోహం ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, ఆకులోనే ఉంది. పొగాకు మొక్క కాడ్మియాన్ని ఇలాగే ఆకుల్లో కూడబెడుతుంది. పొగ తాగేవారి ఒంట్లో కాడ్మియం తాగనివారికన్నా సుమారు రెట్టింపు ఉండటానికి కారణం అదే. ఆర్సెనిక్‌ను నేలలోంచి పీల్చి ఆకుల్లో దాచే ఒక ఫెర్న్ గురించి 2001లో ప్రపంచానికి తెలిసింది. మనిషి శరీరం ఫైటోకీలాటిన్లను తయారుచేసుకోలేదు. మనకున్నది లోహాన్ని పట్టుకునే మెటలోథయోనీన్ అనే వేరే ప్రోటీను. కనుక "మొక్క తనను కాపాడుకునే శక్తినే మనకూ ఇస్తుంది" అన్న ప్రచార వాక్యం వినడానికి బాగుంటుందే గానీ, మొక్కకు రక్షణ అయిన ఆ ప్రక్రియే దాన్ని తినేవాడికి లోహాన్ని అందించే ప్రక్రియ కూడా.

ఇప్పుడు ఎలుకల దగ్గరికి వద్దాం. ఈ రకం పత్రాల్లో ఫలితాల పట్టికకన్నా ముందు నేను చదివేది ప్రయోగ విధానం. చాలావాటిలో వరస ఒకేలా ఉంటుంది. ఎలుకలను నాలుగు గుంపులు చేస్తారు. ఒకదానికి ఏమీ ఇవ్వరు. ఒకదానికి లెడ్ అసిటేట్ అనే సీసం లవణం మాత్రమే. ఒకదానికి మొక్క సారం మాత్రమే. చివరి గుంపుకు రెండూ. కొన్ని వారాల తరువాత కాలేయం, మూత్రపిండాలు తీసి ఆక్సీకరణ హానికి గుర్తయిన మలోన్‌డయాల్డిహైడ్ ఎంత, గ్లుటాథయాన్ ఎంత, రక్షణ ఎంజైము కాటలేజ్ ఎంత చురుగ్గా ఉందో కొలుస్తారు. చివరి గుంపు అంకెలు రెండో గుంపుకన్నా మెరుగ్గా ఉంటాయి. పత్రం ముగుస్తుంది.

ఆ "రెండూ" ఎప్పుడు ఇచ్చారన్నదే నా ప్రశ్న. తరచుగా ఒకే రోజు ఇస్తారు, కొన్నిటిలో సారాన్ని లోహానికన్నా ఒక గంట ముందే ఇస్తారు. అలా ఇచ్చినప్పుడు సారంలోని పాలీఫినాల్ (కాటెకిన్, క్వెర్సెటిన్ లాంటి పదార్థం) అణువు పేగులోనే సీసాన్ని పట్టుకుని రక్తంలోకి వెళ్లకుండా ఆపి ఉండవచ్చు. కణంలో రక్షణ జరిగిందా, పేగులో అడ్డు పడిందా అన్నది ఆ ప్రయోగం విడమరచి చెప్పలేదు. మనుషుల విషయంలో క్రమం తలకిందులు. సంవత్సరాల తరబడి సీసం చేరిపోయాక, ఒంట్లో బాగాలేక, అప్పుడు గుళిక గురించి ఆలోచిస్తాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన పరిస్థితి. ఎలుకకు నిప్పు ముట్టించకముందే ఆకులు చేతికిచ్చారు.

మోతాదూ చూడాలి. ఎలుకకు కిలో బరువుకు 200 మిల్లీగ్రాములు ఇచ్చారనుకుందాం. శరీర ఉపరితలాన్ని బట్టి మనిషికి మార్చే లెక్క ప్రకారం దాన్ని సుమారు 6తో భాగించాలి. 60 కిలోల మనిషికి అది రోజుకు రెండు గ్రాములకు దగ్గరగా వస్తుంది, అదీ శుద్ధమైన పదార్థం. కుర్కుమిన్‌ను నోటి ద్వారా తీసుకుంటే రక్తంలోకి చేరేది బహు స్వల్పం. పేగు, కాలేయం దాన్ని వెంటనే మార్చి బయటికి పంపేస్తాయి. పరీక్షనాళికలో కణాల మీద నేరుగా పోసిన గాఢత రక్తంలో రావడం కష్టం. ఆహారాల యాంటీఆక్సిడెంట్ శక్తిని అంకెల్లో చూపే ఓరాక్ పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైటు నుంచి తీసేసింది. నాళికలో కొలిచిన ఆ శక్తికి ఒంట్లో జరిగేదానికి సంబంధం చూపలేమన్నది దాని కారణం. అయినా ఆ అంకెలు డబ్బాల మీద ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

మనుషుల మీద ఏమీ జరగలేదా అంటే, జరిగింది. నేను గౌరవంతో చూసే ప్రయోగాలు రెండు ఉన్నాయి. ఇరాన్‌లో కారు బ్యాటరీల కర్మాగార కార్మికులు 117 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు వెల్లుల్లి గుళికలు, మరొక గుంపుకు లోహాన్ని పట్టుకునే పెనిసిలమీన్ అనే మందు నాలుగు వారాలు ఇచ్చారు. 2012లో ఫలితాలు అచ్చయ్యాయి. రెండు గుంపుల్లోనూ రక్తంలో సీసం ఇంచుమించు ఒకేలా తగ్గింది, వెల్లుల్లి తీసుకున్నవారికి దుష్ప్రభావాలు తక్కువ. మంచి వార్తే. కానీ ఏ మందూ ఇవ్వని గుంపు అందులో లేదు, పరిశీలించింది నాలుగు వారాలే. 1999లో పొగ తాగే 75 మంది మగవారి మీద విటమిన్ సి ప్రయోగం జరిగింది. రోజుకు 1000 మిల్లీగ్రాములు తీసుకున్నవారి రక్తంలో సీసం ఒక్క వారంలో 81 శాతం పడిపోయింది, 200 మిల్లీగ్రాముల గుంపులో మార్పు లేదు. వారి రక్తంలో మొదటి నుంచీ సీసం చాలా తక్కువ. మూత్రంలో సీసం పెరగలేదు కనుక, లోపల ఉన్నది బయటికి పోలేదని, పేగులో శోషణ తగ్గి ఉంటుందని అర్థం చేసుకోవాలి. రెండూ దారి చూపే ప్రయోగాలు. వాటి మీద మరింత పెద్ద ప్రయోగాలు కట్టాలి. వాటిని పట్టుకుని గుళికలు అమ్మడం వేరే సంగతి.

రక్తంలో అంకె తగ్గడమే గమ్యం అనుకునేవారు ఇంకో ప్రయోగాన్ని తప్పక తెలుసుకోవాలి. అమెరికాలో రక్తంలో సీసం డెసిలీటరుకు 20 నుంచి 44 మైక్రోగ్రాముల మధ్య ఉన్న 780 మంది చిన్నపిల్లలకు కొందరికి సక్సిమర్ అనే మందు, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. సక్సిమర్ సీసాన్ని పట్టుకుని మూత్రంలోకి పంపే కీలేషన్ మందు, మొక్కల సారాలకన్నా ఎన్నో రెట్లు బలమైనది. రక్తంలో సీసం తగ్గింది. తెలివితేటల పరీక్షల్లో, ప్రవర్తనలో మాత్రం మందు తీసుకున్న పిల్లలకు ఏ మేలూ కనిపించలేదు. 2001లో ఆ ఫలితం వెలువడింది. చదివిన ప్రతిసారీ నాకు బాధగానే ఉంటుంది. మెదడులో జరిగిన నష్టాన్ని అంత బలమైన మందే వెనక్కి తేలేకపోయినప్పుడు, ఆకు సారం తెస్తుందని ఒక తల్లికి ఏ ధైర్యంతో చెబుతాం?

లోహాన్ని పట్టుకునే గుణం ఎల్లప్పుడూ మంచిది కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆర్సెనిక్ విషవాయువుకు విరుగుడుగా బ్రిటన్‌లో తయారైన డైమెర్కాప్రాల్ ఎందరినో కాపాడింది. అదే మందును మిథైల్ పాదరసం విషంలో వాడకూడదు, పాదరసాన్ని మెదడుకు చేర్చే ప్రమాదం ఉంది. తేయాకు పాలీఫినాళ్లు ఇనుమునూ పట్టుకుంటాయి. ఇనుము లోపిస్తే పేగు తన ద్వారాలను మరింతగా తెరుస్తుంది, ఆ ద్వారాల గుండానే సీసమూ కాడ్మియమూ లోపలికి వస్తాయి. రక్తహీనత ఉన్న మనిషి సీసానికి విరుగుడని తేయాకు సారం మింగితే మేలు జరుగుతుందో కీడు జరుగుతుందో ముందుగా చెప్పలేం. ఫిన్లాండ్‌లో పొగ తాగే 29 వేల మందికి పైగా మగవారి మీద జరిగిన బీటా కెరోటిన్ ప్రయోగం 1994లో ఏం చూపిందో వైద్యులందరికీ తెలుసు. తగ్గుతుందనుకున్న ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. యాంటీఆక్సిడెంట్ అన్న ముద్ర ఉన్నంత మాత్రాన హాని లేదని అనుకోవడానికి వీల్లేదు.

గుళికలోనే లోహం ఉంటే? 2003లో బోస్టన్ ప్రాంతపు దుకాణాల నుంచి కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో తేలింది. బంగ్లాదేశ్‌లో పసుపు దుంపలకు మెరుపు కోసం లెడ్ క్రోమేట్ అనే పసుపు రంగు పూసేవారు. కుర్కుమిన్ ఉన్న పదార్థంలోనే సీసం! అక్కడి ప్రభుత్వం, పరిశోధకులు కలిసి 2019లో ప్రచారం చేశారు, బజారులో దాడులు చేశారు, జరిమానాలు వేశారు. బజారు పసుపు నమూనాల్లో సీసం ఉన్నవి 2019లో 47 శాతం, 2021 నాటికి సున్నా. రెండేళ్లలో అంతమందికి జరిగిన ఆ మేలు ఏ గుళికా చేయగలిగేది కాదు.

పెట్రోలు కథా అదే. 1970ల చివర్లో అమెరికన్ల రక్తంలో సగటు సీసం డెసిలీటరుకు 12.8 మైక్రోగ్రాములు. ఇప్పుడు ఒకటికన్నా తక్కువ. పెట్రోలు, రంగులు, ఆహార డబ్బాల అతుకుల నుంచి సీసాన్ని తీసేయడమే దానికి కారణం. వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు అమ్మే చివరి దేశం అల్జీరియా 2021లో ఆపింది. అయినా ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకు మించి సీసం ఉందని యునిసెఫ్ 2020లో లెక్క చెప్పింది. సుమారు 80 కోట్ల మంది. అంతమంది పిల్లల ముందు యాంటీఆక్సిడెంట్ల చర్చ పెట్టడం నాకు సిగ్గుగా తోస్తుంది.

బ్యాటరీల దగ్గర పనిచేసే ఆయనతో చివరికి నేను మాట్లాడింది పొడి గురించి. పని బట్టలు పనిచోటనే విడిచి, స్నానం చేసి, వేరే చొక్కాతో ఇల్లు చేరడం. పని బల్లల దగ్గర తినకపోవడం, తాగకపోవడం, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే భోజనం. ఖాళీ కడుపుతో పనిలోకి దిగకపోవడం, ఎందుకంటే కడుపు ఖాళీగా ఉంటే సీసం శోషణ ఎన్నో రెట్లు పెరుగుతుంది. నేలను పొడి చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవడం. గాలిని బయటికి లాగే ఏర్పాటు, సరైన మాస్కు యజమాని ఇవ్వవలసినవి, ఆయన కొనుక్కోవలసినవి కావు. తనకూ కూతురికీ రక్తపరీక్ష. పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములకు చేరినా కారణం వెతకాలని అమెరికా ఆరోగ్య సంస్థ 2021 నుంచి చెబుతోంది. 45 దాటితే కీలేషన్ మందులు అవసరమవుతాయి, అది వైద్యుల చేతిలో జరగాల్సిన చికిత్స. పాపకు ఇనుము, కాల్షియం లోటు ఉందేమో చూడటం మరీ ముఖ్యం. పెద్దవారు మింగిన సీసంలో పదో వంతు శోషిస్తే, పసివారు సగం దాకా శోషించగలరు. ఆ రెండు పోషకాలు తక్కువైతే ఇంకా ఎక్కువ. కూరగాయలు, పండ్లు తినమనే చెప్పాను, అవి ఎవరికైనా మంచివే కనుక. గుళికలు వద్దన్నాను.

యాంటీఆక్సిడెంట్ల మీద పరిశోధన ఆగాలని నేను కోరుకోవడం లేదు. కాడ్మియం ఏళ్ల తరబడి పేరుకుంటే దాన్ని తీయడానికి నమ్మదగిన మందు నేటికీ లేదు. అక్కడ ఏ చిన్న ఆశనైనా పరీక్షించి తీరాలి. కావలసింది ఎలుకల మీద మరో వంద పత్రాలు కాదు, మనుషుల మీద సరిగా జరిగిన ఒక్క ప్రయోగం. ముందుగా ఆ మనుషులకు లోహం చేరే దారి మూసేయాలి. అందరి ఇనుము స్థాయినీ కొలవాలి. ఇచ్చే సారంలో లోహాలు లేవని ప్రతి దఫా పరీక్షించాలి. ఉత్తుత్తి మందు గుంపు తప్పకుండా ఉండాలి. నాలుగు వారాలతో ఆపకుండా ఏడాదికి తగ్గకుండా నడపాలి. రక్తంలో అంకెతో సరిపెట్టుకోకుండా మూత్రపిండాల పని, రక్తపోటు, పిల్లలైతే చదువు, జ్ఞాపకశక్తి చూడాలి. ఫలితం ఏమీ లేదని తేలినా దాచకుండా అచ్చువేయాలి.